మూట లేని బుధవారం

ఈ భాగం పంపడం నాలుగు రోజులు ఆలస్యమైంది, మన్నించండి. అక్షరాలు నాకు అరవై దాటాక వచ్చాయి. చెయ్యి ఇంకా మెల్లగానే నడుస్తుంది. ఒత్తు ఉండాల్సిన చోట లేకపోయినా, లేనిచోట ఉన్నా మీరే సర్దుకుని చదువుకోండి.

*

పెద్దపిల్ల కొత్త చొక్కా తొడుక్కుని, కుడిచెయ్యి చాపి, కుట్టుగది మధ్యలో నిలబడి ఉంది. చొక్కా చెయ్యి మణికట్టు దాకా రాలేదు. రెండు వేళ్ళంత పైనే ఆగిపోయింది.

"ఇంకొంచెం చాపు," అంది తల్లి.

చాపితే ఇంకా పైకి పోయింది.

తల్లి టేపు పెట్టి భుజం నుంచి కొలిచింది. మళ్ళీ కొలిచింది. తప్పు టేపుదేమో అన్నట్టు దాన్ని తిప్పి వెనకవైపు అంకెలతో కూడా కొలిచింది. తరవాత టేపు మెడలో వేసుకుని ముక్కాలిపీట మీద కూలబడింది. బల్ల మీద అలాంటివే ఇంకా ఇరవై ఒక్క జతల చేతులు, కోసి, పేర్చి, బరువు పెట్టి ఉన్నాయి. శుక్రవారం పొద్దున బడికి అప్పజెప్పాల్సిన చలికాలం చొక్కాలవి. ఇవాళ మంగళవారం.

కిటికీ పక్కన కూర్చుని కాజాలు కుడుతున్న కాజాలత్త చేతిలో పని ఆపింది. పిల్లలకి ఆవిడ మేనత్త, వాళ్ళ నాన్నకి అక్క. మొగుడు పోయిన ఏడాది తమ్ముడి ఇంటికొచ్చి కాజాల పని పట్టుకుంది. అప్పటి నుంచి వీధి వీధంతా ఆవిణ్ణి కాజాలత్తే అంటారు. ఎనిమిది నెలల కిందట తమ్ముడూ మరదలూ విడిపోయారు. తమ్ముడు రెండు వీధుల అవతల సైకిళ్ళ కొట్టు మీద గది తీసుకున్నాడు. ఆవిడ మాత్రం మరదలితోనే ఈ కొట్టులో, కొట్టు వెనక రెండు గదుల ఇంట్లో ఉండిపోయింది.

గుడ్డలు కోసే కొత్త మాస్టరు కత్తెర బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. యాభై దాటిన మనిషి. పనిలో చేరి ఇది రెండో రోజు.

"నేను అట్ట ప్రకారమే కోశానమ్మా," అన్నాడు. "అట్ట ఎంతుంటే గుడ్డ అంత. కత్తెర నాదే గానీ అట్ట మీది."

మరదలు లేచి మేకుకి వేలాడుతున్న అట్టల గుత్తిలోంచి చెయ్యి అట్ట లాగింది. గుడ్డ మీద పెట్టి, చుట్టూ సుద్దతో గీసి కోసుకునే మందపాటి అట్ట అది. తమ్ముడు ఏళ్ళ కిందట చేసినది. సుద్దా చేతి జిడ్డూ పట్టి మూడు అంచులు నల్లబడి ఉన్నాయి. నాలుగోది, మణికట్టు వైపుది, తెల్లగా ఉంది. ఎవరో కొత్తగా కోశారు.

మరదలు ఆ తెల్ల అంచు మీద వేలు పెట్టి కాసేపు ఊరుకుంది. ఆ ఊరుకోవడం కాజాలత్తకి తెలుసు. ఉరిమే ముందు ఊరుకోవడం.

ఆదివారం పిల్లల్ని దింపడానికి వచ్చినవాడెవరని మరదలు గోడని అడిగింది. అట్టలన్నీ తిరిగి అప్పజెప్తానంటూ ఈ బల్ల దగ్గర పావుగంట నిలబడినవాడెవరని మళ్ళీ గోడనే అడిగింది. కార్ఖానాలో పెద్ద ఉద్యోగం దొరికిందని పోయేవాడు పోక, పోతూ పోతూ కొట్టు పరువు కోసిపోయాడని తనే జవాబు చెప్పింది. అంతలోనే ఫోను తీసి, "రా. ఇప్పుడే," అని రెండే మాటలు అని పెట్టేసింది.

కాజాలత్త ఏదో అనబోయింది.

"వదినా, ఈసారి నువ్వు మధ్యలోకి రాకు," అంది మరదలు. "కోర్టు కాగితంలో ఏం రాసుంటే నాకేం? ఇలాంటి మనిషి దగ్గరికి నా పిల్లల్ని పంపను. రేపు బుధవారం కదా. రేపటి నుంచే పంపను."

చాపిన చెయ్యి పెద్దపిల్ల అప్పుడు దించింది. ఎవరి వైపూ చూడకుండా, ఆ పొట్టి చేతుల చొక్కాతోనే వెనక గదిలోకి వెళ్ళిపోయింది. చెల్లెలు దాని వెనకే వెళ్ళింది. ఐదేళ్ళ ఆ పిల్ల నోరు మూతపడదని దాన్ని గిలక అంటారు. గిలక ఒక్క ముక్క మాట్లాడకుండా వెళ్ళడం చూసి కాజాలత్త లేచింది.

ఆవిడ అట్ట తీసుకుని కిటికీ వెలుతురుకి పట్టింది.

తమ్ముడి కత్తెర ఆవిడకి తెలుసు. ఆ పెద్ద కత్తెర ఒక్కసారి నోరు తెరిస్తే మూర గుడ్డ దారాన్ని పట్టి లాగినట్టు తెగుతుంది. ఈ అంచు అలా లేదు. ముక్క ముక్కగా, ఎలుక కొరికినట్టుంది. లెక్కపెడితే పదకొండు గాట్లు. ఒక్కో గాటూ కాజాకి పెట్టే గాటంత.

నిన్న సాయంత్రం తన చిన్న కత్తెర గుడ్డని కొయ్యకుండా నమిలింది. ఎందుకో తెలియక, చీరకొంగుతో తుడిచి పెట్టెలో వేసుకుంది. ఇప్పుడు తెలిసింది.

అట్టని చొక్కాగుడ్డల కింద పెట్టి ఆవిడ వెనక గదిలోకి వెళ్ళింది.

గుడ్డల తానుల మధ్య సందులో అక్కాచెల్లెళ్ళిద్దరూ ఇరుక్కుని కూర్చుని ఉన్నారు.

"అక్క ఏడవట్లేదు," అంది గిలక, ఎవరూ అడక్కుండానే.

కాజాలత్త వాళ్ళ ఎదురుగా నేల మీద కూర్చుంది. మోకాళ్ళు పట్టేశాయని కాసేపు సణిగింది. నిన్నటి నుంచి తన కత్తెర మొండికేసిందని, సాన పట్టేవాడు ఎప్పుడొస్తాడో ఏమోనని, తనలో తను అనుకుంటున్నట్టు అంది. తరవాత మెల్లగా, "అట్ట కొయ్యడానికి అది పనికిరాదమ్మా. పెద్ద కత్తెర తీసుకోవాల్సింది," అంది.

పెద్దపిల్ల చొక్కా అంచు వేలికి చుట్టుకుంది.

"పెద్దది బరువు," అంది చివరికి.

అంతే. ఒప్పుకోవడం అయిపోయింది. కాజాలత్త తిట్టలేదు. ఎందుకని కూడా అడగలేదు. పిల్ల జడలోంచి ఊడిన రిబ్బను తీసి మళ్ళీ కట్టడం మొదలుపెట్టింది. వెనక నుంచి జడ వేస్తుంటే ముఖం కనపడదు. ముఖం కనపడకపోతే మాట వస్తుంది.

మాట వచ్చింది. కొత్త మాస్టరు సరిగ్గా కొయ్యలేదనుకుని అమ్మ ఆయన్ని పంపించేస్తుందనుకుందట. ఆయన పోతే నాన్న ఉద్యోగం మానేసి మళ్ళీ తన గదిలో గుడ్డలు కోస్తాడట. అప్పుడు మూటలుంటాయట.

"మూటలెందుకే నీకు?" అంది కాజాలత్త.

పిల్ల వెనక్కి తిరిగింది. ఇంత పెద్దదానివి, ఇది కూడా తెలియదా అన్నట్టు చూసింది.

"మూట లేకపోతే మేం నాన్న దగ్గరికి ఎలా వెళ్తాం?"

కాజాలత్త చేతిలో రిబ్బను అలాగే ఉండిపోయింది.

ఎనిమిది నెలల కిందటి ఆదివారం ఆవిడ కళ్ళ ముందుకొచ్చింది. తమ్ముడూ మరదలూ పిల్లలిద్దర్నీ కోతబల్ల మీద కూర్చోబెట్టారు. విడిపోతున్నామన్న మాట ఎలా చెప్పాలని వారం రోజులు తర్జనభర్జన పడ్డారు. తీరా నోరు తెరిచేసరికి ఇద్దరూ నీళ్ళు నమిలారు. ఆఖరికి తమ్ముడే అన్నాడు, ఇకనుంచి నాన్న ఆ గదిలో గుడ్డలు కోస్తాడు, అమ్మ ఇక్కడ కుడుతుంది, బుధవారం శనివారం మూటలు అటూ ఇటూ మోసే ఉద్యోగం మీ ఇద్దరిదీ అని. ఉద్యోగమనేసరికి పిల్లలు బల్ల మీదే గంతులేశారు. పెద్దవాళ్ళు ముగ్గురూ హమ్మయ్య అనుకున్నారు. ఆ మూటలకి భుజాన వేసుకునే పట్టీలు కుట్టింది కాజాలత్తే.

ఆ రోజు చెప్పని మాట తరవాత ఎవరూ చెప్పలేదు. పిల్లలకి తెలిసే ఉంటుందని మరదలు అనుకుంది. మరదలు చెప్పే ఉంటుందని తమ్ముడు అనుకున్నాడు. పోయిన నెల గిలకకి జ్వరమొచ్చి బుధవారం వెళ్ళనివ్వకపోతే, తన మూట తనే మొయ్యాలని మంచానికి అడ్డం పడి ఏడ్చింది. పిల్లకి పనంటే ఎంత సరదానో అని అందరూ నవ్వుకున్నారు.

తమ్ముడు కార్ఖానాలో చేరాడు కాబట్టి మొన్న శనివారంతో మూటలు ఆగిపోయాయి. రేపటి బుధవారం పిల్లలు ఎప్పటిలాగే తండ్రి దగ్గరికి వెళ్తారన్నది పెద్దవాళ్ళకి చెప్పక్కర్లేని సంగతి. అందుకే ఎవరూ చెప్పలేదు.

"నేను మూట కట్టేశా అత్తా," అంది గిలక గుసగుసగా. బడిసంచి తెరిచి చూపించింది. పుస్తకాలు తీసేసి పీలికలు కుక్కింది. "రేపటికి."

కాజాలత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో ఆవిడకే తెలియలేదు.

ముందు గదిలో మాటలు పెరుగుతున్నాయి. తమ్ముడు వచ్చినట్టున్నాడు.

అమ్మకి చెప్పాలంది కాజాలత్త. పెద్దపిల్ల తల అడ్డంగా ఊపింది. కొడుతుందని భయమా అంటే కాదంది. చెప్తే ఇక ఎప్పటికీ పంపదంది. చెప్పకపోతే నాన్న చేశాడనుకుని ఎలాగూ పంపదు కదా అంటే, అది మాత్రం పిల్ల ఆలోచించలేదు. పెదవి కొరుక్కుంటూ కూర్చుంది.

"నేను చెప్పను," అంది కాజాలత్త. "కోసింది నువ్వు, చెప్పేదీ నువ్వే. కానీ నేను నీ పక్కనే నిలబడతాను. ఎవరేమన్నా కదలను."

ముందు గదిలో తమ్ముడు కార్ఖానా నీలం కోటుతోనే ఉన్నాడు. మామూలుగా నోట్లో నాలుక లేని మనిషి. విడాకులకి ముందు కూడా పది మాటలకి ఒక మాట బదులు చెప్పేవాడు. ఇవాళ మాత్రం గుడ్డల కింద నుంచి అట్టని వెతికి తీసి చేతిలో ఊపుతున్నాడు. అట్ట కోసినందుకు కాదు, అంత వంకరగా కోశాడన్నందుకు అతనికి ఒళ్ళు మండింది.

"ఇరవై ఏళ్ళ బట్టి కత్తెర పట్టినవాణ్ణి. నిద్రలో కోసినా ఇలా కోస్తానా?"

"కావాలనే వంకరగా కోసుంటావు," అంది మరదలు. "నీ మీదికి రాకుండా."

తన చేతివంకర మీద ఇంతమంది ఇంతసేపు మాట్లాడుకోవడం విని పెద్దపిల్ల గుమ్మంలోనే ఆగిపోయింది. కాజాలత్త దాని వీపు మీద చెయ్యి ఆనించింది. తొయ్యలేదు, ఊరికే ఆనించింది.

"నేను కోశాను," అంది పిల్ల.

ఎవరూ వినలేదు. మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. రెండోసారి గొంతు పెద్దదైంది. మూటల సంగతి కూడా అదే ఊపులో, ఊపిరి తీసుకోకుండా చెప్పేసింది. కొత్త మాస్టరు గురించి, నాన్న ఉద్యోగం గురించి, రేపటి బుధవారం గురించి. మధ్యలో గిలక తన సంచి తెరిచి పీలికలు చూపించింది.

చెప్పడం అయిపోయింది. మరదలు తమ్ముడి వైపు చూసింది. తమ్ముడు మరదలి వైపు చూశాడు. ఎనిమిది నెలల్లో ఆ ఇద్దరి ముఖాల మీదా ఒకేసారి ఒకే భావం కనపడటం కాజాలత్తకి అదే మొదలు. సిగ్గు అది.

మరదలు పీట మీంచి జారి నేల మీద కూర్చుంది. పిల్లలకంటే కిందకి. గిలక సంచిలోని పీలికలు రెండు తీసి చూసింది. కాజాలత్తకి భయమేసింది. మళ్ళీ ఏదో పనిమాట చెప్పేస్తారేమో, మళ్ళీ అందరూ హమ్మయ్య అనుకుని లేచిపోతారేమో అని.

"మీరు వెళ్ళేది మూటల కోసం కాదమ్మా," అంది మరదలు. "అమ్మా నాన్నా విడిపోయారు. ఒక ఇంట్లో ఉంటే ఇద్దరం ఒకరినొకరం మాటలతో కోసుకుంటున్నాం. అందుకని వేరే ఉంటున్నాం. ఆ సంగతి మీకు చెప్పలేక మూటలు మోయించాం."

"మళ్ళీ కలిసి ఉంటారా?"

మరదలు తమ్ముడి వైపు చూసింది. ఈసారి అతనే చెప్పాడు.

"లేదు తల్లీ. ఉండం."

పెద్దపిల్ల ఏడుస్తుందని అందరూ ఎదురుచూశారు. ఏడవలేదు. అది వేరే లెక్క ఏదో వేసుకుంటోంది.

"ఆ రోజు మూట బురదలో పడేశాం. అందుకు కాదు కదా?"

కాదన్నారు ఇద్దరూ ఒక్క గొంతుతో. ఒక్క గొంతుతో అన్నందుకు ఇద్దరూ కొంచెం ఉలిక్కిపడ్డారు. మూటలు లేనప్పుడే విడిపోయామని, ఆ తరవాతే మూటలొచ్చాయని తమ్ముడు వేళ్ళు మడిచి మరీ వరసగా చెప్పాడు. బుధవారం బుధవారమే, శనివారం శనివారమే అన్నాడు. కోసే ఉద్యోగం ఉన్నా, పోయినా, చేతులు విరిగి మంచం మీద పడినా ఆ రెండు రోజులూ మీవేనన్నాడు.

పిల్ల తల్లి వైపు తిరిగింది. అసలు అడగాల్సింది ఈవిణ్ణే అని దానికి తెలుసు.

"రేపు పంపిస్తావా?"

"పంపిస్తాను," అంది మరదలు. "కోపంలో అన్నాను. ఆ మాట అనకూడదు. ఇంకెప్పుడూ అనను."

"మూట లేకుండా?"

"లేకుండా."

"ఊరికే?"

"ఊరికే."

పెద్దపిల్ల భుజాలు అప్పుడు కిందికి దిగాయి. ఎనిమిది నెలలుగా అవి పైకి బిగుసుకుని ఉన్నాయని, దిగాక గానీ కాజాలత్తకి తెలియలేదు. పిల్ల తల్లి ఒళ్ళో తల పెట్టుకుంది. అలాగే ఉండి తండ్రి కోటు అంచు చేత్తో పట్టుకుంది. అతను కదలకుండా వంగి నిలబడ్డాడు, నడుం పట్టేసినా.

గుమ్మం దగ్గర గొంతు సవరింపు వినిపించింది. కొత్త మాస్టరు అన్నం గిన్నె సంచిలో పెట్టుకుని, చెప్పులు వేసుకుని, ఎవరైనా వెళ్ళమంటే వెళ్దామని ఇంతసేపూ అక్కడే నిలబడ్డాడట.

"అయితే నా ఉద్యోగం ఉన్నట్టేనా అమ్మా?"

అందరికీ నవ్వొచ్చింది. ముందు గిలక నవ్వింది, తరవాత మరదలు. పెద్దపిల్ల లేచి ఆయన ముందుకెళ్ళి తప్పయిందంది. ఆయన దాని తల మీద చెయ్యి పెట్టి, తను పనిలో చేరిన మొదటి ఏడు ఓ పెద్దమనిషి కోటుకి రెండూ ఎడమచేతులే కోశానని, ఆ పెద్దమనిషి కోటు తొడుక్కుని తలుపు తియ్యలేకపోయాడని చెప్పాడు. తండ్రికి నమ్మకం కలగలేదు. అలా ఎలా కుదురుతుందని అడిగాడు. ఇద్దరు మాస్టర్లూ బల్ల మీదికి వంగి ఆ సంగతే చాలాసేపు తేల్చుకున్నారు.

తేల్చుకుంటూనే దారీ దొరికింది. చేతి చివర పట్టీ రెండు వేళ్ళు వెడల్పు చేస్తే చొక్కా మణికట్టు దాకా వస్తుంది. మిగిలిన గుడ్డ సరిపోతుంది. బడివాళ్ళకి వెడల్పు పట్టీ ఇంకా బాగుంటుందని మరదలు ఒప్పుకుంది, అది తన ఆలోచనే అన్నట్టు. తమ్ముడు కొత్త అట్ట తీసి గీశాడు. పెద్ద కత్తెర పెద్దపిల్ల చేతికిచ్చాడు. దాన్ని ఎత్తి పట్టుకోకూడదు, బల్ల మీద ఆనించి నడపాలన్నాడు. అంచు మరీ తిన్నగా రాలేదు గానీ గాట్లు లేకుండా వచ్చింది.

రేపు బడి దగ్గరికే వస్తానని చెప్పి అతను వెళ్ళిపోయాడు. మరదలు గుమ్మం దాకా వెళ్ళలేదు. కానీ అట్ట కోసినవాడివి నువ్వేననుకున్నాను, పొరపాటైంది అని లోపలి నుంచే అంది. అతను చెప్పులు వేసుకుంటూ సరేలే అన్నాడు.

దీపాలు పెట్టే వేళకి కుట్టుగది మామూలైంది. మిషను నడుస్తోంది. కోసినందుకు శిక్షగా ఇరవై రెండు చొక్కాలకీ బొత్తాలు కుట్టే పని పెద్దపిల్లకి పడింది. అది శిక్షలా లేదు, పిల్ల పాట అందుకుంది. గిలక సంచిలోంచి పీలికలు తీసి పుస్తకాలు సర్దుకుంటోంది. కాజాలత్త సూదిలోకి దారం ఎక్కిస్తోంది.

"మరి అత్తో?" అంది గిలక.

అత్తకేమైందన్నారు.

"అత్త నాన్న వాళ్ళ అక్క కదా. నాన్న విడిపోయాడు కదా. మరి అత్త ఇక్కడెందుకుంది?"

దారం కొస సూది కన్ను దాటి పక్కకి పోయింది. ఎనిమిది నెలలుగా కాజాలత్త ఆ ప్రశ్న తనని తనే అడక్కుండా, రోజుకి ఇన్ని కాజాలని లెక్కపెట్టుకుంటూ గడిపింది. మళ్ళీ ఎక్కించబోయింది. కన్ను కనపడలేదు.

మరదలు మిషను మీంచి తల ఎత్తలేదు.

"అత్త లేకపోతే కాజాలెవరు కుడతారే?"

పెద్దపిల్ల బొత్తాం దగ్గర ఆగింది. పాట కూడా ఆగింది.

"అమ్మా," అంది, "అలా కాదు. నిజం చెప్పు."

మరదలు మిషను చక్రం మీద చెయ్యి వేసి ఆపింది. పిల్ల వైపు చూసింది. ముందు చిన్నగా నవ్వింది. ఆ నవ్వు సగంలోనే ఎటో పోయి, కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది. తరవాత పీట కాజాలత్త వైపుకి లాక్కుంది.

"వదినా," అంది, "ఆ సూది కాసేపు కింద పెట్టు."

*

మేడమీది అవ్వ,
వయసు డెబ్బై ఒకటి,
ఇప్పుడుండేది రెండో అమ్మాయి దగ్గర, రైలు గేటు పక్క వీధిలో, పై గదిలో.